లంకలో నూటికి నూరు

"నిరోధ్ వాడకం నూటికి నూరా? అదీ ఈ కొల్లేటి లంకలోనా?" దోనె దిగుతూనే అడిగాడు కుటుంబ నియంత్రణ ఆఫీసరు ఆదిశేషయ్య.

"అవును సార్. పంచిన పాకెట్లన్నీ అయిపోయాయి. ఇంకా కావాలని కబురు మీద కబురు" అంది సర్వే చేసిన చౌడేశ్వరి, మొగుడు కొనిచ్చిన గులాబీల గొడుగు ముద్దుగా ఊపుకుంటూ.

మొగుడు తిరుపతిరావు బెజవాడ వన్ టౌన్‌లో బట్టల కొట్టు గుమాస్తా. పెళ్లయి మూడు నెలలైనా అతనక్కడ, ఆమె హనుమాన్ జంక్షన్‌లో. కాపురమంతా ఆదివారాలే. ఎర్ర త్రికోణం వేసిన ఈ రిపోర్టు మీద సంతకం పడితే బెజవాడ బదిలీ ఖాయం.

కాని లంక నిండా పిల్లలే. బిలబిలమంటూ వచ్చి చుట్టూ మూగారు.

"వీళ్లంతా ఎవరు?"

"పాత లెక్క సార్" అంది చౌడేశ్వరి గబగబా.

దోనె నడిపిన మంగరాజు గుడిసె ముందు అతని భార్య పేరమ్మ పసిగుడ్డుకు పాలిస్తోంది.

"ఇదేమిటమ్మా?" కళ్లద్దాలు సర్దుకున్నాడు ఆఫీసరు.

"ఆడపిల్లండి."

చౌడేశ్వరి చేతిలోని రిపోర్టు వెనక్కి దాచుకుంది. ఆదిశేషయ్య మంగరాజు వైపు తిరిగాడు.

"నిజం చెప్పు. నిరోధ్ వాడుతున్నావా?"

"అది లేందే ఇల్లు కదలనండి."

"కదలడమేమిటి! ఇంట్లో?"

"ఇంట్లో దేనికండి? బయటికెళ్లినప్పుడే గదా అవసరం!"

ఆఫీసరు ముఖం కందగడ్డలా ఎర్రబడింది. గొంతు తగ్గించాడు. "మీ ఆవిడకు తెలుసా?"

"నేను మర్చిపోయినా అదే మొల్లో దోపుద్దండి."

"మా లంకలో మగాళ్లందరూ అంతేనండి" అంది పేరమ్మ. "వానాకాలం మరీ ఎక్కువ. సర్కారోళ్లు సల్లగుండాలి!"

చౌడేశ్వరి గొడుగు చాటుకు తప్పుకుంది. ఆ ఇల్లాళ్ల ఓర్పుకు మనసులోనే దండం పెట్టింది. వారంలో మిగతా ఆరు రోజులూ తిరుపతిరావు ఏం చేస్తున్నాడో అని మొదటిసారి అనుమానం కూడా వచ్చింది.

"ఛీ!" అన్నాడు ఆదిశేషయ్య. "అయినా మన సర్వేలో వాడుతున్నారా లేదా అనే ఉంది. ఎక్కడ, ఎవరితో అని లేదు. ఢిల్లీకి కావలసింది అంకె."

తిరుగు ప్రయాణంలో దోనె సగం దూరం వచ్చేసరికి వాన దంచి కొట్టింది. చౌడేశ్వరి గొడుగు తెరిచి, తన నెత్తి మీదా కాదు, ఆఫీసరు నెత్తి మీదా కాదు, రిపోర్టు మీద పట్టింది. నిలువునా తడుస్తూనే ఆయన సంతకం గీశాడు.

"జిల్లాకే ఆదర్శ గ్రామం!"

చౌడేశ్వరికి కొల్లేటి బాతులన్నీ కలిసి సన్నాయి ఊదినట్టయింది. వన్ టౌన్‌లో ఏ వీధిలో అద్దెకు గది దొరుకుతుందా అని అప్పుడే మనసులో వెతకడం మొదలుపెట్టింది.

ఆదిశేషయ్య వణుకుతూ సిగరెట్టు పెదాల మధ్య పెట్టుకున్నాడు. జేబులోని అగ్గిపెట్టె ముద్దయిపోయింది.

"ఉండండి బాబూ" అంటూ మంగరాజు గడ పక్కన పెట్టి, మొలలోంచి నిరోధ్ తీసి ముడి విప్పాడు.

లోపల అగ్గిపెట్టె పొడిగా ఉంది.