ఒక్క ఆయ్

"ఎద్దుల్ని తీసేస్తానంటే అలా మొహం వేలాడేసుకుంటావేంట్రా? బండి కొనడానికొచ్చాం, చావు పలకరింపుకి రాలేదు," అన్నారు బుచ్చిరాజుగారు.

"ఆయ్," అన్నాడు ఏసుపాదం.

అమలాపురంలో పాత బళ్ళు అమ్మే శ్రీనివాసరావు షెడ్డు ముందు నిలబడి ఉన్నారిద్దరూ. రాజుగారికి ముక్తేశ్వరం అవతల కొబ్బరితోట ఉంది. అక్కడికి పోవాలంటే పంటకాలవ గట్టు తప్ప వేరే దారి లేదు. ఆ గట్టు మీద ఎద్దుబండి తోలి కాయ దింపుకొచ్చేది ఏసుపాదమే. వాడికి వచ్చిన పని అదొక్కటే. చెట్టెక్కలేడు, చేలో దిగితే నడుం వంగదు. ఎద్దులు పోతే తనూ, పెళ్ళాం రూతూ ఏం తిని బతకాలి? పొద్దున్న బస్సెక్కిన దగ్గర్నుంచీ ఆ ప్రశ్న గొంతులో పచ్చి వెలక్కాయలా పడి ఉంది.

షెడ్డులో పనికొచ్చేవి రెండే కనిపించాయి. ఒకటి వెనకాల తొట్టి కట్టించిన పాత జీపు. రెండోది మూడు చక్రాల ట్రాలీ ఆటో. దానికి కొత్తగా పచ్చరంగు కొట్టారేమో, నిగనిగలాడిపోతోంది.

"కాయ మొయ్యడానికీ పనికి రావాలి, సాయంత్రం పూట సరదాగా గట్టు మీద గోదారి దాకా తిరిగి రావడానికీ ఉండాలి. రెంటికీ ఏది బాగుంటుందయ్యా?" అనడిగారు రాజుగారు.

"రెండూ బ్రహ్మాండమేనండి," అన్నాడు శ్రీనివాసరావు. అమ్ముకునేవాడు ఇంకేమంటాడు! "డ్రైవరు కావాలన్నా మా దగ్గర మనుషులున్నారండి. ఇంతకీ మీ దారెలాంటిదండి?"

"డ్రైవరు సంగతి నేను చూసుకుంటాలే. దారంటావా, నాకేం తెలుసు? బండిలో గడ్డి మీద పడి కునుకు తీసేవాణ్ణి. అదుగో, వీణ్ణి అడుగు."

ఏసుపాదం రెండు బళ్ళకేసీ చూశాడు. చూడగానే తెలిసిపోయింది. గట్టు మీద ఎద్దుబండి చక్రాలు కోసిన గాడులు రెండున్నాయి. వాటి మధ్య మట్టి దిబ్బలా లేచి ఉంటుంది. జీపు చక్రాలు అటూ ఇటూ ఆ గాడుల్లో పడతాయి, గుమ్మంలోకి నడిచినట్టు పోతుంది. ఆటో ముందు చక్రం మాత్రం ఆ మధ్య దిబ్బ మీదే నడవాలి. ఎండల్లో ఎలాగో ఈడ్చుకుపోవచ్చు. నాలుగు చినుకులు పడ్డాయా, ఆ బంకమట్టి మీద ముందు చక్రం నిలవదు. పక్కనే కాలవ. కాలవకి నీళ్ళు వదిలేశారు కూడా, నిండుగా పారుతోంది.

అప్పుడు పుట్టింది వాడికి ఆ పాడు బుద్ధి. ఆటో కొంటే మొదటి వానకే దిగబడుతుంది. కొత్తగా పెట్టుకునే టౌను డ్రైవరు దండం పెట్టి పారిపోతాడు. రాజుగారు మళ్ళీ "ఒరేయ్, ఎద్దుల్ని కట్టరా" అంటారు. దిగబడుతుందనే అనుకున్నాడు సుమా! కాలవలో పడుతుందన్న మాట మనసులోకి రాబోతే గట్టిగా బయటికి నెట్టేశాడు.

"ఏరా, గట్టు మీద ఈ ఆటో పోద్దా?"

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ రాజుగారు ఏమన్నా అవునండీ అన్నట్టు ఆయ్ అనే చెప్పాడు ఏసుపాదం. ఆ మాటతో అబద్ధమాడటం మాత్రం ఇదే మొదలు.

"ఆయ్," అన్నాడు.

"వానల్లో?"

"ఆయ్."

"మరి జీపు?"

"బరువు కదండీ. దిగబడిపోద్దండి."

శ్రీనివాసరావు జీపు మీద చెయ్యేసి ఏదో చెప్పబోయాడు. "నువ్వాగవయ్యా," అన్నారు రాజుగారు. "ఆ గట్టు సంగతి వాడికి తెలిసినట్టు మా నాన్నకి కూడా తెలీదు. వాడు ఆయ్ అన్నాడంటే ఇంక తిరుగులేదు."

ఆ మాట వినలేకపోయాడు ఏసుపాదం. కుళాయి దగ్గరికి పోయి చాలాసేపు మొహం మీద నీళ్ళు కొట్టుకున్నాడు. ఛీ, ఏం బతుకైపోయింది! ఉప్పు తిన్న ఇంటికే ద్రోహం. పోనీ చెప్పేస్తే? జీపే తీసుకోండని కాళ్ళు పట్టుకుంటే? తడి మొహంతోనే గబగబా వెనక్కి వచ్చాడు.

అప్పటికే బేరం తెగిపోయి, ఆటో అద్దానికి పసుపు, కుంకుమ పెట్టేశారు. చక్రాల కింద నిమ్మకాయలు చితికిపోయి ఉన్నాయి. నిమ్మకాయ తొక్కించాక బండి వెనక్కిస్తే ఇంటికి అరిష్టమని రాజుగారి నమ్మకం. ఇంక ప్రాణం పోయినా ఇవ్వరు.

"అయ్యగారూ, ఎద్దులు ఇంకో ఏడాది ఉంచండి..."

"కొన్నవాళ్ళు పొద్దున్నే తోలుకుపోయేర్రా. నువ్వు చూస్తే తట్టుకోలేవనే నిన్ను ముందుగా బస్సెక్కించాను."

ఏసుపాదం ఉన్నచోటే, ఆయిలు మరకల మీద చతికిలబడిపోయాడు. అయిపోయింది. ఎద్దులూ పోయాయి, మాటా పోయింది. చేసిన పాపం ఎందుకూ కొరగాకుండా పోయింది. పైన మబ్బు పట్టి ఉంది. ఎవడో ముక్కూ మొహం తెలియని డ్రైవరు, వాడికీ ఓ పెళ్ళాం ఉంటుంది కదా అనిపించి భోరుమన్నాడు.

రాజుగారు వంగి వాడి భుజం పట్టుకున్నారు. "లేవరా. చిన్నపిల్లాడివా? టౌను డ్రైవర్ని పెట్టమని మా ఇంట్లో వాళ్ళు ఒకటే పోరు. ఆ గట్టు మీద నేను ఇంకెవణ్ణి నమ్ముతాను?"

ఏసుపాదం అర్థం కానట్టు తలెత్తి చూశాడు.

రాజుగారు ఆటో తాళం వాడి తడిచేతిలో పెట్టి, వేళ్ళు మూశారు. "నేర్పించే పూచీ శ్రీనివాసరావుది. ఇన్నాళ్ళూ నీ వెనకాల కూర్చున్నాను, ఇకమీదట నీ పక్కనే కూర్చుంటాను. వానల్లో కూడా నువ్వే తోలాలి, ఏం?"

పైన మొదటి చినుకు టపుక్కున ఆటో రేకు మీద పడింది.

"ఆయ్," అన్నాడు ఏసుపాదం.