చేపకు దొరికిన ఇల్లు

ఆ రోజుల్లో బడిపుస్తకాలన్నీ మాట్లాడేవి. సరైన జవాబు చెబితేనే పేజీ తిరిగేది. పాఠం పూర్తి చెయ్యని పిల్లకి మర్నాడు బడిలో అన్నం ఉండేది కాదు.

పునరావాస షెడ్డులో రొయ్యలు ఒలుస్తూ, కూతురు మరిడమ్మ చదువు వింటోంది నూకరత్నం. ఇల్లు వెతుక్కునే జంతువుల బొమ్మల కథ అది. కుందేలుకు బొరియ దొరికింది, పిచ్చుకకు గూడు దొరికింది.

"మరి నీ ఇల్లెక్కడ?" అంది పుస్తకం.

"ఓడలపేటలో."

"తప్పు. అక్కడిప్పుడు సముద్రం ఉంది."

"పోనీ, ఈ షెడ్డు."

"షెడ్డు ఇల్లు కాదు. ఓడలపేటలో చేపలే ఉంటాయి. నువ్వు చేపవా?"

పిల్ల బిక్కమొహం వేసుకుని తల్లికేసి చూసింది.

"చేపనేనని చెప్పి ఏడవ్వే!" అంది నూకరత్నం.

పిల్ల చెప్పింది. పేజీ తిరిగింది.

"శభాష్! చేపకు ఇల్లు దొరికింది!" అంటూ చప్పట్లు కొట్టింది పుస్తకం.