బోర్డు మీద చీమలు

బల్బు వెలగలేదు.

అమానుల్లా సిరంజితో మళ్ళీ గాలి లాగాడు. మళ్ళీ వదిలాడు. మూతబిగించిన సీసాలో ఆ చిన్న బోర్డు మూగగా పడి ఉంది. గాలి తగ్గితే పైకెళ్ళినట్టు, పెరిగితే కిందికి దిగుతున్నట్టు అనుకుని అది బల్బు వెలిగించాలి.

రాకెట్ పైకెళ్ళి, ఇక వాలబోయే క్షణాన పారాచూట్‌ను విప్పేది ఆ బోర్డే. అది పలకకపోతే రాకెట్ ఈటెలా దిగుతుంది. పోయిన నెల అలాగే దిగింది. గొర్రెలు కాస్తున్న ఈరన్నకు మూరెడు దూరంలో నేలను చీల్చుకుని నిలబడింది. అప్పటినుంచి దినేష్‌కు కళ్ళు మూస్తే ఈరన్న. కళ్ళు తెరిస్తే రేపు రాకెట్ ఎగరేయబోయే కాలేజీ మైదానం. అక్కడ పిల్లలు, పిల్లల తల్లులు, తల్లుల చంకల్లో పసివాళ్ళు.

"దీంట్లకు నీళ్ళెట్ల పోయినయిరా?" అమానుల్లా బోర్డు మీది మరకను చూపించాడు.

"కిటికీలకెళ్ళి జల్లు కొట్టింది."

"రాకెట్ తోలేటోనికి కిటికీ మూసుడు రాదా సారూ?"

గద్వాల బస్టాండు దగ్గర టీవీలు బాగుచేసే అమానుల్లా, కాలేజీలో ఫిజిక్సు చెప్పే దినేష్ చిన్ననాటి జోడు. రాకెట్ ఒకరిది, బోర్డు ఒకరిది. ఈ మధ్యాహ్నం ఇద్దరి పరువూ దినేష్ ఇంటి ముందుగదిలో, ఒక్క బల్బుకు వేలాడుతోంది.

అమానుల్లా స్క్రూడ్రైవరు అందుకున్నాడు.

"విప్పకురా," అన్నాడు దినేష్. "రేపటిది ఆపేద్దాం."

"ఊరూరు తిరిగి దిష్టి లేదు, దయ్యం లేదు అని చెప్పేటోనివి. నీకు భయమైతుందా?"

దినేష్ అరచేతుల చెమటను ప్యాంటుకు తుడుచుకున్నాడు.

బోర్డు సీసాలోంచి బయటికొచ్చింది. భూతద్దం దాని మీద వంగింది. అమానుల్లా వేలితో తాకి, వేలిని వేలికి రాసి చూశాడు.

"జిగట ఉందేందిరా? అరె, చీమలు! వాన నీళ్ళకు చీమలు పడ్తయా?"

పట్టుకారుతో ఒక సన్నని పోగును పైకెత్తాడు. గోధుమరంగు పీచు.

"కొబ్బరిపీచు." అతని గొంతు మారింది. "ఎవరో రాకెట్ నెత్తిన కొబ్బరినీళ్ళు పోసిండ్రు. గాలికని పెట్టిన చిల్లులల్లకెళ్ళి లోపటికి దిగినయ్. ఇట్లనే ఎగరేస్తే రేపు ఎవరి నెత్తిన పడుతుండెనో తెలుసా?"



చాయ్ గ్లాసులతో వచ్చిన దినేష్ తల్లి జములమ్మ గడప దగ్గరే ఆగింది. పోయిన వారం ఆమె "కొత్త బండికి కొడ్తరు గదరా, దీనికి గూడ ఒక కాయ కొడ్త" అంటే, "రాకెట్ ఏమన్న ట్రాక్టరా?" అని కొడుకు ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

ఆమె పీచును చూసింది. కొడుకు ముఖం చూసింది. గ్లాసులు కిందపెట్టింది.

"నేనే కొట్టిన బిడ్డా. తప్పైంది."

"పెద్దమ్మా, ఎంత పని చేసినవే!" అమానుల్లా తల పట్టుకున్నాడు. "దేవునికి పెట్టేది దేవునికే పెట్టు. కరెంటు సామానుకు తాగిపియ్యకు!"

స్పిరిటు పోసి, పళ్ళ బ్రష్షుతో జిగటంతా కడిగాడు. ఎండలో ఆరబెట్టాడు. ఒక అతుకు ఊడదీసి కొత్తగా టంకం పెట్టాడు. సీసాలో దించి మూత బిగించాడు. గాలి లాగాడు. వదిలాడు.

బల్బు భగ్గున వెలిగింది.

"బతికింది సారూ! ఇగనన్న పెద్దమ్మను తిట్టు, లేకుంటే రేపు నిమ్మకాయ గూడ కడ్తది!"

జములమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. దినేష్ తలెత్తలేదు.

పొద్దున ఆమె నల్లా దగ్గరికి పోగానే లోపల గడియ పెట్టుకుని, ఈరన్న పేరు గొణుక్కుంటూ, ఆ కాయ కొట్టింది దినేషే.