జత విడితే

అద్దం గోడకు అవతల ఇద్దరూ ఒకే మైక్రోస్కోపు మీద తలలు వంచారు. అతనూ, మేడమూ. దానికి రెండు వైపులా కళ్ళు పెట్టి చూసే వీలుంది. అయినా భుజాలు రాసుకునేంత దగ్గరగా కూర్చోవాలా?

ఇవతల కొత్త పెళ్ళికూతురు ట్యూబులకు మూతలు బిగిస్తూ ఉడికిపోతోంది. పెళ్ళయి నెల తిరగలేదు. మొగుడు పక్క గదిలోనే ఉన్నా పొరుగూళ్ళో ఉన్నట్టే ఉంది.

మేడమ్ అతని కళ్ళజోడు తీసి, తన కోటు అంచుతో తుడిచి, మళ్ళీ తనే పెట్టింది. అతను బుద్ధిగా ముఖం చాపాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

కాసేపటికి అతను బయటికి రాగానే పట్టుకుంది.

"హనీమూన్‌కి సెలవు అడిగారా?"

"అడిగా. పురుగుల పని తేలేదాకా కుదరదంది."

"అంది ఏమిటి, అన్నారు అనండి. ఎవరైనా వింటే బాగోదు."

"సరే తల్లీ, అన్నారు!"

"ఆవిడ ముందు మీకు నోరు పెగలదు. సముద్రం ఎదురుగా గది తీసుకున్నాం. నేనొక్కదాన్నే వెళ్ళి అలలు లెక్కపెట్టుకోనా?"

అతను తల గోక్కున్నాడు. ఆమె విసురుగా లోపలికి వెళ్ళింది.

"మేడమ్, ఆయనకి సెలవు కావాలి."

"ముందు ఇది చూడు" అంది మేడమ్.

చూసింది. మగ పురుగు ఒళ్ళు దోనెలా మడిచి, ఆడదాన్ని అందులో పొదువుకుంది. పక్క గిన్నెలో ఒంటరి ఆడపురుగు, వెలిసిన దారప్పోగులా.

"మనుషుల రక్తనాళాల్లో కాపురముంటాయి. జబ్బంతా వీటి గుడ్ల వల్లే. మగదాని స్పర్శ ఉంటేనే ఆడదానిలో గుడ్లకు కావలసిన జన్యువులు మేలుకుంటాయి. విడదీస్తే నిద్రపోతాయి, అది చిక్కిపోతుంది. ఆ స్పర్శ అందకుండా చేసే మందు దొరికితే గుడ్లుండవు. ఈ వారమే తేలుతుంది. ఇప్పుడు మీ ఆయన్ని ఎలా పంపను?"

"ఆ మందు నా మీద కూడా పరీక్షిస్తున్నారా మేడమ్?"

"ఏమిటీ?"

"ఆయన టీలో చక్కెర మీరే కలుపుతారు. ఏ చొక్కా వేసుకోవాలో మీరే చెబుతారు. ఆయనకిష్టమైన కూర మీ డబ్బాలోనే ఉంటుంది. మరి నేనెందుకు, చిక్కిపోడానికా?"

మేడమ్ తల తిప్పి చూసింది. అద్దం అవతల అతను ఇటు చూడనట్టు నటిస్తున్నాడు.

"నాకూ కుళ్ళే" అంది గొంతు తగ్గించి. "నీకంటే ఎంతో ముందునుంచీ తను నా పక్కనే ఉన్నాడు. ఇప్పుడు పురుగుల్ని చూస్తూ కూడా నిన్నే చూస్తున్నాడు."

సొరుగులోంచి సెలవు కాగితం తీసి చకచకా సంతకం చేసింది.

"వెళ్ళండి. పురుగుల్ని నేను చూసుకుంటా."

ల్యాబులో వరసలు పెట్టి పిలుచుకోకూడదన్న నియమాన్ని గాలికొదిలేసి, కొత్త పెళ్ళికూతురు ఆవిణ్ణి వాటేసుకుంది: "మీ అబ్బాయిని భద్రంగా తెచ్చి మళ్ళీ మీకే అప్పజెబుతాను అత్తయ్యా!"