మూడో ఉత్తరం

పీహెచ్‌డీ దరఖాస్తుకి మార్కుల పత్రాలు జతచేయాలి, ప్రవేశ పరీక్షలో స్కోరెందుకు తగ్గిందో సంజాయిషీ రాయాలి, మూడో సిఫారసు ఉత్తరం తెచ్చుకోవాలి. చివరిదే మిగిలింది.

“ఉత్తరం సిద్ధమేనమ్మా. మన ల్యాబులో యాసిడ్ పొగని బయటికి లాగే ఫ్యాను ఏడాదంతా పనిచేసిందని ఈ రిజిస్టర్లో సంతకం పెట్టు,” అన్నారు ప్రొఫెసరుగారు.

“అది ఒక్కరోజూ తిరగలేదు కదండీ.”

“నీ మార్కులకి నా ఉత్తరం లేకపోతే గేటు కూడా తెరవరు. మీ ఇంట్లో ఇంతదాకా చదివింది నువ్వొక్కదానివేగా?” నవ్వుతూనే అని, ఫోను మోగితే బయటికి వెళ్ళారు.

రిజిస్టరు తిరగేశాను. నిరుడు సీనియరు అక్క సంతకం. అంతకుముందు ఏడు ఇంకో సీనియరు అన్న సంతకం. ఇద్దరివీ అత్తెసరు మార్కులే.

“ఫస్టుక్లాసు వాళ్ళని ఈ ల్యాబులోకి తీసుకోరమ్మా,” అన్నాడు గాజుసీసాలు కడుగుతున్న అటెండరు, తలెత్తకుండా.

“అక్కకి సీటొచ్చిందిగా బాబాయ్?”

“వచ్చింది. చేరలేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసమట.”

ఆర్నెల్లుగా నన్ను వదలని దగ్గు అప్పుడే మళ్ళీ వచ్చింది.

రిజిస్టర్లో ‘ఫ్యాను పనిచేయడం లేదు’ అని రాసి, కింద సంతకం పెట్టాను. దరఖాస్తు రెండు ఉత్తరాలతోనే వెళ్ళింది.

నాకు సీటు రాకపోవచ్చు. నాకంటే ముందు ఆ ల్యాబు బల్ల దగ్గర నిలబడిన అక్కని మాత్రం గుర్తుపెట్టుకోండి.