పదేళ్లకు సరిపడా

“బ్యాటరీ మార్చు. కంప్యూటరు మాత్రం ఆపకూడదు.”

గుమ్మంలోనే షరతు పెట్టింది ఆవిడ. కరెంటు ఉండే గంట చూసుకుని మరీ పిలిపించింది.

మునాఫ్ నవ్వుకున్నాడు. బాగ్దాదులో పన్నెండేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు. ఇలాంటి షరతు ఎన్నడూ వినలేదు.

గదిలో పాత గేమింగ్ కంప్యూటరు. తెర మీద, నది ఒడ్డున, గుర్రంతో ఒక రౌతు కదలకుండా నిలబడి ఉన్నాడు.

“ఎవరి ఆట, ఖాలా?” పిన్ని వరస కలిపి అడిగాడు.

“మా అబ్బాయి సినాన్‌ది. మధ్యలో ఉంది.”

యంత్రం నడుస్తుండగానే యూపీఎస్‌లో కొత్త బ్యాటరీ అమర్చాడు. అంతసేపూ ఆవిడ ఊపిరి బిగబట్టి నిలుచుంది.

“మెమరీ నాలుగు జీబీయేనా! పిచ్చుక బుర్రలో ఇంతకన్నా ఎక్కువ పడుతుంది. ఏటా బ్యాటరీ కొంటారు గానీ పిల్లాడికి మెమరీ కొనరు. మరీ పిసినారి ఖాలా మీరు!”

“వాడికి చాలు.”

“ఎక్కడ చాలు? ఇప్పటి ఆటలకు పదహారు ఉండాలి. ముప్పైరెండు వేయించారంటే పదేళ్లు మళ్లీ చూసుకోనక్కర్లేదు.”

ఆవిడ మొదటిసారి నవ్వింది.

“బాగ్దాదులో కూర్చుని పదేళ్ల సంగతి మాట్లాడుతున్నావా నాయనా? రాబోయేదానికి భరోసా నాకొద్దు. ఉన్నది పోకుండా చూడు.”

“మెమరీ అంటే తెలియక అంటున్నారు. అది బల్ల లాంటిది ఖాలా. బల్ల ఎంత పెద్దదైతే అన్ని పుస్తకాలు పరుచుకోవచ్చు.”

ఆవిడ శ్రద్ధగా విన్నది.

“చక్కగా చెప్పావు. ఉండు, టీ తెస్తాను.”

ఆవిడ వంటింట్లోకి వెళ్లగానే మునాఫ్ మనసు కరిగింది. పాపం, ఆపితే చెడిపోతుందని ఎవరో భయపెట్టి ఉంటారు. సంచిలో ఎనిమిది జీబీలవి రెండు ఉన్నాయి. ఊరికే వేసిపోతే ఏం పోయింది? ఆట ఎలాగూ ఆగినచోటనే మొదలవుతుంది.

మేలు చేస్తున్నాననుకున్నప్పుడు మనిషి అనుమతి అడగడు.

మీట నొక్కాడు. తెర నల్లబడింది.

బస్రా నిమ్మ టీతో ఆవిడ తిరిగి వచ్చేసరికి తెర మీద ఆట పేరు మెరుస్తోంది.

“పదహారు చేశాను ఖాలా! డబ్బులేం వద్దు. సినాన్ చూశాడంటే వచ్చి నన్ను వాటేసుకుంటాడు.”

ఆవిడ పళ్లెం కింద పెట్టింది. ఒక్క చుక్క తొణకలేదు.

“రౌతు ఏడి?”

“ఒక్క నిమిషం.”

వెతికాడు. మళ్లీ వెతికాడు. దాచిన ఆట ఒక్కటీ లేదు.

“సేవ్ చేసుకోలేదా వాడు?”

“తీరిక దొరకలేదు.”

“అయ్యో! పోనీలెండి, మళ్లీ మొదటి నుంచి ఆడుకుంటాడు…”

“డిస్కులో రాసినది ఉంటుంది నాయనా. మెమరీలో ఉన్నది కరెంటు ఉన్నంతసేపే.” ఆవిడ గొంతులో కోపం లేదు. “ముప్పై ఏళ్లు కాలేజీలో పిల్లలకు నేను చెప్పిన మొదటి పాఠం అదే. టీ తాగు, చల్లారిపోతుంది.”

వంతెన మీది ఊరేగింపు చూసి వస్తానని ఆట మధ్యలో లేచి వెళ్లిన సినాన్, శవమై ఇంటికి వచ్చి అప్పటికి నాలుగేళ్లు.