పదింటికీ అయిదే

ఆరో ప్రశ్నకీ అయిదే.

ఆపరేటర్ వేలు కీబోర్డు మీద ఆగిపోయింది. పొద్దుట్నించీ నూట పది ఫారాలు కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఎక్కడా ఇన్ని అయిదులు వరసగా రాలేదు.

సర్వే చిన్నదే. ఆకలి లేకపోయినా ఆపుకోలేక తినేసేవాళ్ళ గురించి జనం ఏమనుకుంటున్నారో కొలవాలి. పది వాక్యాలు చదివి వినిపిస్తారు. అస్సలు ఒప్పుకోకపోతే ఒకటి, పూర్తిగా ఒప్పుకుంటే అయిదు. ఇంటికి ఒక్కరు చాలు, ఎవరు తలుపు తీస్తే వాళ్ళు. పేరు రాయకూడదు. వీధి, ఇంటి నంబరు, ఆడో మగో, ఎప్పుడు అడిగారో రాసుకుంటే సరి.

అది జబ్బు కాదు, ఒళ్ళు బద్ధకం: అయిదు. గట్టిగా అనుకుంటే రేపే మానెయ్యొచ్చు: అయిదు. అలాంటి మనిషి ఇంటికి బరువు: అయిదు.

అడుగున 'ఇంకేమైనా చెప్తారా' అన్నచోట సర్వే అమ్మాయి గుండ్రటి అక్షరాలతో రాసుకొచ్చింది. 'అలాంటిదాన్ని కట్టుకున్నవాణ్ణి చూస్తే జాలేస్తుంది.'

ఎవరీ మహాతల్లి అనుకుంటూ పైకి చూశాడు. వీధి తనదే. ఇరవై ఏడో నంబరు, ఇల్లూ తనదే. స్త్రీ. బుధవారం, మధ్యాహ్నం మూడు.

అరికాలి మంట నెత్తికెక్కింది.

బుధవారం మూడింటికి ఇంట్లో ఉండే ఆడమనిషి ఒక్కతే, అతని అక్క. భార్య ప్రతి బుధవారం రెండున్నరకల్లా నీలం ఫైలు పట్టుకుని హాస్పిటల్‌కి బయల్దేరుతుంది. పైగా ఆ మాట అక్కదే. "నిన్ను చూస్తే జాలేస్తుందిరా తమ్ముడూ" అని మరదలికి వినబడేలాగే అంటుంటుంది.

పెళ్ళయిన నాలుగేళ్ళకి గానీ భార్య జబ్బు సంగతి అతనికి తెలియలేదు. ఒకరోజు పని మధ్యలో ఇంటికొస్తే ఆమె వంటగదిలో నేలమీద కూర్చుని, రెండు బ్రెడ్డు ప్యాకెట్లు ముందేసుకుని, ఏడుస్తూ తింటోంది. "ఆపలేకపోతున్నానండీ" అంది. ఆరు నెలలు ఒక్క వారం కూడా తప్పకుండా రావాలన్నాడు డాక్టరు. మధ్యలో మానేస్తే మళ్ళీ మొదటికొస్తుందట. మూడు నెలలు గడిచాయి. ఇంకో మూడు గట్టెక్కాలి. ఇంట్లో మనిషే ఇలా దెప్పుతుంటే ఎలా గట్టెక్కడం?

ఇక కుర్చీలో కూర్చోలేకపోయాడు. నీళ్ళ కోసమని నాలుగుసార్లు లేచాడు, ఒక్కసారీ తాగలేదు. ఫారంలో చూసింది బయట చెప్పనని ఉద్యోగంలో చేరిన రోజే సంతకం పెట్టాడు. ఆ సంతకాన్ని గాలికొదిలేసి ఇంటికెళ్ళాడు.

భార్య మేడమీద బట్టలు తీస్తోంది. అక్కని నిలదీశాడు.

"గుమ్మంలోకొచ్చిన పరాయి పిల్ల ముందు నా పెళ్ళాన్ని అన్నేసి మాటలంటావా?"

"ఎవర్రా పరాయి పిల్ల? ఎప్పుడు?"

"బుధవారం. సర్వేకొచ్చిన పిల్ల."

"బుధవారం నేను పంటి డాక్టరు దగ్గర పడిగాపులు కాశాను. ఇంట్లోనే లేను."

"నంగనాచి కబుర్లు చెప్పకు. అచ్చం నీ మాటే రాసుంది."

అక్క మొహం చిన్నబోయింది. "నా నోరు దురుసే, కాదనను. ఏదన్నా నీ మొహం మీదే అంటాను. ఊరందరికీ చెప్పుకునేంత చెడ్డదాన్ని కాదురా."

అతను నమ్మలేదు. "రేపు రుజువు తెస్తాను. తెచ్చాక నీ పెట్టె సర్దుకో."

బట్టల మోపుతో భార్య మెట్లమీదే నిలబడిపోయింది. "వదినగారిని ఏమీ అనకండి" అంది, ఇద్దర్లో ఎవరి వంకా చూడకుండా. ఎంత మంచి మనసో అనుకున్నాడు.

మర్నాడు ఆఫీసు తలుపులు తీయకముందే వచ్చి గేటు దగ్గర కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. సర్వే అమ్మాయి సంచి తగిలించుకుని వచ్చింది. అతని ఇల్లెక్కడో ఆమెకి తెలియదు.

"బుధవారం ఇరవై ఏడో నంబరు ఇంటికెళ్ళావు. అక్కడ మాట్లాడినావిడ గుర్తుందా?"

"తప్పేమైనా రాశానా సార్?"

"లేదులే. మనిషి ఎలా ఉందో చెప్పు చాలు. కాస్త వయసు మళ్ళినావిడ, గట్టి గొంతు. అంతేగా?"

ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

"గట్టి గొంతా, మాటే పెగల్లేదు సార్ పాపం, ఎక్కడికో బయల్దేరబోయి ఆగిపోయినట్టు చెప్పులేసుకుని, నీలం ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, పదింటికీ అయిదే వెయ్యమంది."